పాఠం 14: సతీష్ ధావన్ – రాకెట్టు వెనుక జాగ్రత్త

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• సతీష్ ధావన్ జీవితంలోని ముఖ్య ఘట్టాలను చెప్పగలుగుతారు.
• రాకెట్ ప్రయోగాలకు శ్రీహరికోట ఎందుకు అనువైనదో వివరించగలుగుతారు.
• సైన్సు ప్రయోగంలో భద్రత చూసే మనిషి ఎందుకు అవసరమో కారణాలతో రాయగలుగుతారు.

14.1 పరిచయం

మీరు చకర్‌భాటాలోనో, బిలాస్‌పూర్ చుట్టుపక్కల మరో రైల్వే ఊళ్లోనో ఉంటున్నట్లయితే సిగ్నలు గురించి మీకు వేరే చెప్పనక్కరలేదు. ఎర్ర దీపం వెలిగితే బండి ఆగాలి. బండి ఎంత ఆలస్యమైనా, డ్రైవరుకు ఎంత అనుభవం ఉన్నా, ఎదుట పట్టాలు ఖాళీగా కనిపిస్తున్నా ఆగవలసిందే. రాకెట్ ప్రయోగంలో కూడా ఇలాగే ఆగమని చెప్పే ఏర్పాటు ఉంటుంది. దాన్ని లెక్కచేయకపోతే ఏమవుతుంది? తప్పు జరిగాక పెద్దలు ఎలా నడుచుకోవాలి? సతీష్ ధావన్ జీవితం చదివితే ఈ రెండు ప్రశ్నలకూ జవాబు దొరుకుతుంది.

14.2 బాల్యం, చదువు

ధావన్ 1920 సెప్టెంబరు 25న శ్రీనగర్‌లో జన్మించారు. లాహోరులోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో గణితం, భౌతికశాస్త్రం చదివారు. ఆ తర్వాత ఆంగ్ల సాహిత్యంలో ఎం.ఎ., మెకానికల్ ఇంజనీరింగులో పట్టా కూడా పొందారు. లెక్కలు, సాహిత్యం, యంత్రాలు ఈ మూడూ ఒకే మనిషికి పట్టుబడడం అరుదు కదా! తర్వాత అమెరికా వెళ్లి మినెసోటాలోను, కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ సంస్థలోను విమానశాస్త్రం చదివి, 1951లో డాక్టరేటు పొందారు.

అదే సంవత్సరం ఆయన బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో చేరారు. అక్కడ ధ్వని కంటే వేగంగా వీచే గాలిని పరిశీలించడానికి గాలి సొరంగాలను నిర్మింపజేశారు. విద్యార్థులు పుస్తకాలు చదవడంతో ఆగక, పరికరాలను తమ చేతులతో తయారుచేసి పరీక్షించడం అక్కడ నేర్చుకున్నారు. 1962 నుంచి 1981 వరకు ధావన్ ఆ సంస్థకు డైరెక్టరుగా పనిచేశారు.

14.3 శ్రీహరికోట

1971 డిసెంబరులో విక్రమ్ సారాభాయ్ హఠాత్తుగా మరణించారు. అప్పుడు ధావన్ అమెరికాలో ఉన్నారు. దేశ అంతరిక్ష కార్యక్రమానికి నాయకత్వం వహించమని ప్రభుత్వం ఆయనను కోరింది. విజ్ఞాన సంస్థ డైరెక్టరు పదవిని వదలనని, ఇస్రో ప్రధాన కార్యాలయం బెంగుళూరులో ఉండాలని ఆయన కోరారు. ప్రభుత్వం అంగీకరించింది. 1972లో బాధ్యత స్వీకరించి 1984 వరకు కొనసాగారు.

శ్రీహరికోటను రాకెట్ కేంద్రానికి ఎంపిక చేసింది ధావన్ రాకకు ముందే, 1969లో. అది అప్పటి నెల్లూరు జిల్లాలో, ఇప్పటి తిరుపతి జిల్లాలో సూళ్లూరుపేట దగ్గర ఉంది. ఒకవైపు పులికాట్ సరస్సు, మరోవైపు బంగాళాఖాతం. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్‌ను ప్రయోగించారు.

ఈ చోటు ఎందుకు అనువైనది? మొదటి కారణం: భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతుంది. కాబట్టి తూర్పుకు వెళ్లే రాకెట్‌కు ఆ వేగం కూడా కలిసివస్తుంది. రెండవ కారణం భద్రత. తూర్పున ఉన్నది సముద్రం. రాకెట్ దారి తప్పినా, దాని భాగాలు విడిపోయి పడినా, అవి పడేది ఊళ్ల మీద కాదు, నీళ్లలో. అయినా సముద్రంలో పడవలు ఉంటాయి, పైన విమానాలు తిరుగుతాయి. అందుకే ప్రయోగానికి ముందే వాటన్నిటికీ హెచ్చరికలు పంపుతారు. రాకెట్ లేచిన తర్వాత కూడా దాని దారిని కనిపెట్టి చూసే భద్రతాధికారి ఉంటారు. అది ప్రమాదకరమైన దారి పడితే, సంకేతం పంపి గాలిలోనే నాశనం చేసే అధికారం ఆయనకు ఉంటుంది.

పాఠగత ప్రశ్నలు
1. ధావన్ ఏ రెండు కోరికలతో ఇస్రో బాధ్యత స్వీకరించారు?
2. శ్రీహరికోటకు తూర్పున సముద్రం ఉండడం వల్ల కలిగే రెండు లాభాలు రాయండి.

14.4 ఓటమి, గెలుపు

భారతదేశం సొంతంగా ఉపగ్రహాన్ని పంపడానికి తయారుచేసిన మొదటి రాకెట్ ఎస్.ఎల్.వి.-3. ఎత్తు సుమారు 22 మీటర్లు, బరువు 17 టన్నులు. ప్రాజెక్టు డైరెక్టరు ఎ.పి.జె. అబ్దుల్ కలాం. 1979 ఆగస్టు 10న దీని మొదటి ప్రయోగం జరిగింది.

తర్వాతి కాలంలో కలాం స్వయంగా తెలిపిన వివరాల ప్రకారం, ప్రయోగానికి కొద్ది సమయం ముందు కంప్యూటరు ఆగమని హెచ్చరించింది. అదుపు వ్యవస్థలో ద్రవం కారుతున్నట్లు తేలింది. నిపుణులు లెక్కలు చూసి, నిల్వ ఉన్న ద్రవం సరిపోతుందని చెప్పారు. కలాం కంప్యూటరు హెచ్చరికను పక్కన పెట్టి ముందుకు సాగారు. మొదటి దశ చక్కగా పనిచేసింది. రెండవ దశలో రాకెట్ అదుపు తప్పింది. 317 సెకన్ల తర్వాత బంగాళాఖాతంలో కూలిపోయింది. ఎన్నో ఏళ్ల శ్రమ నీళ్ల పాలయింది.

ఇక్కడ జాగ్రత్తగా ఆలోచించండి. నిపుణులు అజ్ఞానులు కారు. కలాం బాధ్యత లేని మనిషీ కాదు. అంతా సిద్ధమై, అందరూ ఎదురుచూస్తున్న వేళ ఆగడం చాలా కష్టం. చిన్న లోపమే కదా, సర్దుకుంటుందిలే అనిపిస్తుంది. అందుకే ఆపే అధికారాన్ని తొందరలో ఉన్నవారి చేతిలో కాక, వేరే మనిషి చేతిలో ఉంచాలి.

ఆనాడు పత్రికల వారి ముందుకు కలాంను పంపకుండా ధావన్ తానే వెళ్లారు. వైఫల్యానికి బాధ్యత తనదేనన్నారు. తన బృందం మీద నమ్మకం ఉందని, మళ్లీ ప్రయత్నించి గెలుస్తామని చెప్పారు. తర్వాత లోపం ఎక్కడ జరిగిందో నిపుణుల చేత క్షుణ్ణంగా విచారణ జరిపించారు. ఒక కవాటం సరిగా మూసుకోకపోవడం వల్ల ఆమ్లం కారిపోయిందని తెలిసింది. నిందకు భయపడేవారు లోపాన్ని దాస్తారు. భయం లేకపోతే ఉన్నది ఉన్నట్లు చెబుతారు. పెద్దవారు నిందను తమ మీద వేసుకున్నందువల్ల కలిగే ప్రయోజనం ఇదే.

1980 జులై 18న రెండవ ఎస్.ఎల్.వి.-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో ప్రవేశపెట్టింది. ఈసారి పత్రికల వారితో మాట్లాడమని ధావన్ కలాంనే పంపారు.

ధావన్‌కు 1981లో పద్మవిభూషణ్ లభించింది. పులికాట్ సరస్సు పక్షులకు పేరుపొందిన చోటు. పక్షులు ఎలా ఎగురుతాయో ఆయన శ్రద్ధగా గమనించి, ఆ విషయంపై ఒక గ్రంథం కూడా రాశారు. 2002 జనవరి 3న మరణించారు. అదే ఏడాది శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరు పెట్టారు. 2004 ఫిబ్రవరి 23న ఆ కేంద్రంలోనే ఘన ఇంధనానికి మంట అంటుకుని ఆరుగురు మరణించారు. ఎంత గొప్ప సంస్థలోనైనా జాగ్రత్త ప్రతిరోజూ కొత్తగా పాటించవలసిందే.

14.5 మీరు చేసే ప్రయోగాలు

1957లో స్పుత్నిక్ ఎగిరిన తర్వాత అమెరికాలో ఎందరో పిల్లలు సొంతంగా మందు కలిపి రాకెట్లు చేయబోయి గాయపడ్డారు. అప్పుడు అక్కడి అభిరుచిగలవారు సంఘంగా ఏర్పడి నియమాలు రాసుకున్నారు. మందు ఇంట్లో కలపరాదు. రాకెట్‌కు లోహపు గొట్టం వాడరాదు. దూరంగా నిలబడి, విద్యుత్తుతోనే వెలిగించాలి. చిన్న మోటారు అయినా కనీసం 15 అడుగుల దూరం ఉండాలి. మన దేశంలో లైసెన్సు లేకుండా పేలుడు పదార్థాలు తయారుచేయడం నేరమని కూడా గుర్తుంచుకోండి. అగ్గిపుల్లల మందుతోనో, టపాకాయల మందుతోనో మీ పిల్లలు ప్రయోగాలు చేయబోతే వెంటనే ఆపండి.

కృత్యం: పొడవైన దారానికి ఒక స్ట్రా గుచ్చి, దారాన్ని రెండు కుర్చీల మధ్య బిగించి కట్టండి. గాలి ఊదిన బెలూనును టేపుతో స్ట్రాకు అంటించి వదలండి. గాలి వెనక్కు పోతుంది, బెలూను ముందుకు పోతుంది. రాకెట్ సూత్రం ఇదే. దీన్ని ముగ్గురు కలిసి చేయండి. ఒకరు బెలూను పట్టుకోవాలి. ఒకరు దూరం కొలవాలి. మూడవవారి పని చూస్తూ ఉండడమే. వారు ఆగమంటే, కారణం అడగకముందే ఆగాలి. కారణం తర్వాత మాట్లాడుకోవచ్చు.

ముగింపు ప్రశ్నలు
1. 1979 ప్రయోగం విఫలం కావడానికి దారితీసిన సంఘటనలను వరుసగా రాయండి.
2. వైఫల్యం నాడు ధావన్ తానే పత్రికల ముందుకు వెళ్లడం వల్ల బృందానికి కలిగిన మేలు ఏమిటి?
3. మీరు పనిచేసే చోట పనిని ఆపే అధికారం ఎవరికి ఉంది? వారి మాటను అందరూ వింటున్నారా? పది వాక్యాల్లో రాయండి.