ఓడెక్కిన దొరసాని

ఒకప్పుడు మన అనంతపురం పల్లెల్లో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకునేవారు. ఆ మన్రో దొర 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల కలెక్టరు. కరువుసీమ రైతుకు శిస్తు తగ్గించాలని పట్టుబట్టినవాడు. మరి ఆయన భార్య జేన్ సంగతి?

పెళ్లి 1814లో. 1820లో ఆయన మద్రాసు గవర్నరయ్యాడు. పెద్దకొడుకును పసికందుగానే స్వదేశంలో వదిలి, ఆమె భర్త వెంట వచ్చింది. 1823లో పుట్టిన చిన్నవాడు కేంబెల్‌కు పెద్ద జబ్బు చేసింది. ఈ ఎండల్లో బిడ్డ దక్కడేమోనని భయం. తనను పంపెయ్యమని దొర కంపెనీవారికి రాసుకున్నా ఆయన స్థానంలోకి మనిషి రాలేదు. భర్త దగ్గరుండాలా, బిడ్డను దక్కించుకోవాలా? 1826లో జేన్ బిడ్డనెత్తుకుని ఓడెక్కింది. సూయజ్ కాలువ లేని రోజులు. ఆఫ్రికా చుట్టూ తిరిగి నెలల తరబడి ప్రయాణం.

గిండీ బంగళా బోసిపోయింది. 1827లో, వెళ్లేముందు ఒకసారి మన సీమను చూద్దామని దొర బయల్దేరాడు. దారిలో కలరా. జూలై 6న పత్తికొండలో పోయాడు. గుత్తిలో పూడ్చిపెట్టారు. 1831లో అస్థికలను మద్రాసు తరలించారు. ఆ కబురు కూడా ఓడ మీదే వెళ్లాలి కదా! అన్నాళ్లూ ఆమె ఆయన రాక కోసమే చూస్తూ ఉండి ఉంటుంది.

బిడ్డ మాత్రం బతికాడు. 1913 దాకా, ఎనభై తొమ్మిదేళ్లు! గుత్తి వెళ్లినప్పుడు దొరతోపాటు ఆ తల్లినీ ఒకసారి తలచుకోండి.