ఫ్లోరీన్ స్టెట్‌హైమర్

లోకము మెచ్చకున్నను తమ పనిని విడువనివారు కొందఱు గలరు. అమెరికా దేశపు చిత్రకారిణి ఫ్లోరీన్ స్టెట్‌హైమర్ అట్టివారిలో నొకతె.

ఈమె 1871వ సంవత్సరము ఆగస్టు 19వ తేదీని రాచెస్టరు పట్టణమున సంపన్నమైన యూదుకుటుంబమున జన్మించెను. తండ్రి కుటుంబమును విడిచిపోగా తల్లి రొసెట్టాయే బిడ్డలను పెంచెను. ఫ్లోరీన్ న్యూయార్కులో చిత్రకళ నభ్యసించి, పిమ్మట తల్లితోను, అక్క క్యారీతోను, చెల్లెలు ఎట్టీతోను ఐరోపాఖండమున బహుకాలము వసించి, అచటి చిత్రశాలలను శ్రద్ధతో పరిశీలించెను. 1914లో మహాయుద్ధ మారంభము కాగా వారు స్వదేశమునకు మరలిరి.

1916లో నామె చిత్రములు పేరుపొందిన యొక చిత్రశాలలో ప్రదర్శింపబడెను. ఒక్కటియు అమ్ముడుపోలేదు. అప్పటి కామెకు నలువదియైదేండ్లు. మఱియొకరైనచో కుంచె నావల బెట్టియుందురు. ఆమె యట్లు చేయక, పరుల రీతుల ననుసరించుట మాని, తాను చూచినదానిని తన తీరున చిత్రింప మొదలిడెను.

తమ యింట చేరెడి కవులు, చిత్రకారులు, తోటవిందులు, అంగడిలో చౌకబేరమునకై పెనుగులాడు సంపన్నస్త్రీలు, ఇవియే యామె వస్తువులు. మనుష్యులు సన్నని తీగలవలె వంగుచుందురు. రంగులు గాజుల మలారమువలె మెఱయును. కుప్పము గంగమ్మ జాతరను మిద్దెపైనుండి చూచినవారికి ఆ చిత్రముల సందడి సులభముగా బోధపడును. ఆ నవ్వులో వెక్కిరింత గలదు గాని ద్వేషము లేదు. 1919లో రవీంద్రుడు మన మదనపల్లెలో జనగణమన గీతము నాంగ్లీకరించెను. ఆ యేటనే యీమె, తల్లి పుట్టినదినమున ఎండకు వాడిన తనవారిని చిత్రించెను. 1920లో, వర్ణభేదముచే వేఱుపఱుపబడిన సముద్రతీరమున నల్లజాతివారు ఉల్లాసముతో విహరించుటను చూపెను. 1934లో, నల్లజాతి గాయకులే పాత్రధారులైన యొక గీతనాటకమునకు సెల్లోఫేను కాగితముతో రంగస్థలము నలంకరించెను. 1929 మొదలు న్యూయార్కు నగరజీవనమును నాలుగు పెద్దచిత్రములుగా నిర్మింపసాగెను. నాలుగవది ముగియకముందే 1944 మే 11వ తేదీని మరణించెను.

తన చిత్రములను నశింపజేయవలెనని యామె కోరియుండెనని చెప్పుదురు. ఎట్టీ ఆ కోరికను చెల్లింపలేదు. 1946లో న్యూయార్కు ఆధునిక కళామ్యూజియము ఆ చిత్రములను ప్రదర్శించెను. నేడు ఆ నాలుగు చిత్రములును మెట్రోపాలిటన్ మ్యూజియమున నున్నవి. అక్క మాట మీఱుట తప్పా యొప్పా యని చదువరులే యోచింతురుగాక. మీఱకున్నచో మన మీ కథ చెప్పుకొనుటకు హేతువే యుండదు.

బొమ్మలు గీయు బాలబాలికలారా! పుంగనూరు వీథులును, మదనపల్లె టమాటా అంగడియు మీ యెదుటనే యున్నవి. వానిని మీ కన్నులతోనే చూచి గీయుడు. మెప్పు ఆలస్యముగా వచ్చిన రానిండు.