నుజ్జయిన కారు చెప్పే నిజం

రోడ్డు పక్కన నుజ్జయిన కారు కనిపిస్తే మనం ముందు అడిగే మాట, తప్పెవరిది అని. లోపలివాళ్లు బతికితే అదృష్టం అంటాం, పోతే తలరాత అంటాం. ఈ మాటలతో సరిపెట్టుకోని ఒక మనిషి గురించి ఈ నెల మీరు తెలుసుకోవాలి. ఆయన పేరు హ్యూ డిహేవెన్. 1895లో పుట్టిన అమెరికన్.

1917లో ఆయన రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో విమానం నడపడం నేర్చుకుంటున్నారు. ఒకరోజు గాలిలో రెండు విమానాలు ఢీకొన్నాయి. ఆయన విమానం కూలిపోయింది. కాళ్లు విరిగాయి, కాలేయం, క్లోమం దెబ్బతిన్నాయి. నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నారు. బతకడం అదృష్టమని అందరూ అనుకున్నారు. ఆయన మాత్రం తన గాయాలను విమాన శకలాలతో పోల్చి చూసుకున్నారు. తను కూర్చున్న చోటు పెద్దగా నలగలేదు, అందుకే ప్రాణం దక్కింది. పొట్టలోని గాయాలకు కారణం పొట్ట మీది బెల్టు బకిల్! అంటే గాయం చేసింది కూలిపోవడం ఒక్కటే కాదు, లోపలి వస్తువు కూడా.

ఆ తర్వాత ఆయన ఎత్తు నుంచి కోడిగుడ్లను మెత్తటి రబ్బరు పరుపు మీదకు జారవిడిచి చూశారు. గుడ్డు పగల్లేదు. 50 నుంచి 150 అడుగుల ఎత్తు నుంచి పడి కూడా బతికిన మనుషుల ఉదంతాలను సేకరించి, వాళ్లు పడిన చోట నేల ఎన్ని అంగుళాలు కుంగిందో చూశారు. 1942లో ఆ పరిశోధన అచ్చయింది. తేలిందేమిటంటే, ఆగే దూరం రెండింతలైతే శరీరం మీద పడే బలం సగమవుతుంది. ఆ బలం ఒకే చోట కాకుండా ఒళ్లంతా పంచుకుంటే మనిషి తట్టుకోగలడు.

అదే ఏడాది కార్నెల్ వైద్య కళాశాలలో ఆయన ప్రమాద గాయాల పరిశోధన మొదలుపెట్టారు. మొదట విమానాలు, తర్వాత కార్లు. ఇండియానా రాష్ట్ర పోలీసులు ప్రమాద స్థలం వివరాలు పంపితే, వాటిని డాక్టర్ల నివేదికల పక్కన పెట్టి చదివేవారు. వంగిన స్టీరింగు డ్రైవరు ఛాతీ గాయాన్ని చెప్పేది. అద్దం మీద సాలెగూడులా విచ్చుకున్న పగులు తల తగిలిన చోటు చూపేది. గుద్దుకోగానే తెరుచుకున్న తలుపు, మనిషి బయటికి విసిరేయబడ్డాడని చెప్పేది. అలా బయటపడ్డవాళ్లకే ప్రాణాపాయం చాలా ఎక్కువని లెక్కల్లో తేలింది.

ఫోర్డ్ కంపెనీ 1956 మోడల్ కార్లలో గట్టి తలుపు గడియలు, లోతైన స్టీరింగు చక్రం పెట్టడానికి ఈ సమాచారమే ఆధారం. డిహేవెన్, రోజర్ గ్రిస్‌వోల్డ్ కలిసి 1955లో మూడు చోట్ల పట్టే బెల్టుకు పేటెంటు పొందారు. 1959లో వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ అలాంటి బెల్టును, బకిల్ పొట్ట మీద కాక నడుము పక్కన ఉండేలా తీర్చిదిద్దారు. నేడు మన కార్లలో ఉన్నది ఆ తరహాదే. 1980లో డిహేవెన్ కన్నుమూశారు.

ఇప్పుడు మీ కారు సంగతి. వెనక సీటు బెల్టు బకిళ్లు సీటు కవరు కింద దాగి ఉన్నాయా? ఒళ్లో పాపను కూర్చోబెట్టుకుంటే చాలనుకుంటున్నారా? 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు గుద్దుకుని అర మీటరులో ఆగిందనుకోండి. 12 కిలోల పాపను పట్టుకోవాలంటే మీ చేతులు సుమారు 150 కిలోల బరువును ఆపాలి. ఏ తల్లి వల్లా, ఏ తండ్రి వల్లా అయ్యే పని కాదది.

14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకపోతే 1,000 రూపాయల జరిమానా అని 2019 చట్ట సవరణ చెబుతోంది. జరిమానా మాట అలా ఉంచండి. ఈ సాయంత్రమే సీటు కవరు తీసి ఆ బకిళ్లను బయటికి లాగండి. రేపు పొద్దున బడికి బయలుదేరేటప్పుడు ముందు మీరు పెట్టుకోండి. పిల్లలు మిమ్మల్ని చూసే నేర్చుకుంటారు.