బారువ లచ్చన్న, మా ముత్తాత తాడిచెట్లు

పోయిన సెమిస్టర్‌లో మెషిన్ లెర్నింగ్ ల్యాబ్‌లో మాకు ఒక వైన్ డేటాసెట్ ఇచ్చారు. సీఎస్ఈ వాళ్ళందరికీ తెలిసిందే. 178 వరుసలు, 13 కాలమ్స్, ఇటలీలో ఒకే ప్రాంతంలో పండే మూడు రకాల ద్రాక్షల వైన్లు. ఆల్కహాల్ ఎంత, రంగు ఎంత చిక్కన, మెగ్నీషియం ఎంత అని చూసి ఏది ఏ ద్రాక్షో మోడల్ చెప్పాలి. నా మోడల్ బాగానే చెప్పింది. వైవాలో మాత్రం, వైన్ అంటే ఏంటో తెలుసా అని అడిగితే నేను నవ్వి ఊరుకున్నాను.

ఆ రాత్రి హాస్టల్‌లో దాని గురించే చదువుతూ కూర్చున్నా. స్పెయిన్‌లో బార్సిలోనా దగ్గర కొదోర్నియూ అని ఒక కుటుంబం ఉంది. వాళ్ళు 1551 నాటికే వైన్ చేసేవాళ్ళని చూపించే కాగితాలు ఉన్నాయి. 1659లో ఆ ఇంటి అమ్మాయి ఆనా రవెంతోస్ అనే ఇంటికి కోడలిగా వెళ్ళింది. 1872లో ఆ వంశంలోని జోసెప్ రవెంతోస్ నురగ వచ్చే వైన్ తయారు చేశాడు. 1887లో ఫిలోక్సెరా అనే చిన్న పురుగు వచ్చి అక్కడి ద్రాక్షతోటల వేళ్ళు తినేసింది. తోటలు తీసేసి అమెరికా వేరుమొక్కల మీద అంటుకట్టి మళ్ళీ మొదలెట్టారు. వాళ్ళ గిడ్డంగులను 1976లో ఆ దేశం చారిత్రక కట్టడంగా ప్రకటించింది. 2018లో కంపెనీలో ఎక్కువ వాటా ఒక అమెరికన్ ఫండ్ కొనేసింది, అది వేరే సంగతి. నాకు నచ్చింది ఆ కాగితాలే. ఎవరి తాత ఎవరో, ఏ తోట ఎవరిదో, నాలుగైదు వందల ఏళ్ళు రాసిపెట్టుకున్నారు.

వెంటనే అమ్మకు ఫోన్ చేసి, మన ముత్తాత ఏం పని చేసేవాడు అని అడిగాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. చిన్నప్పటి నుంచి నా స్కూల్ ఫారాల్లో అమ్మ తరఫు వాళ్ళ వృత్తి గురించి ఎవరడిగినా వ్యవసాయం అనే చెప్పేది. ఆ రోజు మాత్రం, కల్లు గీసేవాడు, ఇప్పుడెందుకు అంది. నేను మన మ్యాగజైన్‌కి రాస్తానన్నాను. వద్దంది. మళ్ళీ పది నిమిషాలకు తనే ఫోన్ చేసి, రాస్తే లచ్చన్న గారి గురించి రాయి, మన గురించి కాదు అంది. అందుకే ఇది గౌతు లచ్చన్న గారి గురించి. మా గురించి కూడా కొంచెం వస్తుంది, అమ్మ క్షమించాలి.

లచ్చన్న గారు 1909 ఆగస్టు 16న బారువలో పుట్టారు. ఇప్పుడు అది శ్రీకాకుళం జిల్లా, సోంపేట పక్కన, సముద్రం ఒడ్డున. అప్పట్లో గంజాం జిల్లా. 1936లో ఒరిస్సా వేరయినప్పుడు అటు నుంచి విడిపోయి విశాఖపట్నం జిల్లాలోకి వచ్చింది, 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. అంటే ఆయన ఇల్లు మారకుండానే మూడు జిల్లాల్లో బతికారు. వాళ్ళది గీత వృత్తి కుటుంబం. ఆ రోజుల్లో గీత కులం కుర్రాడు హైస్కూల్ దాకా వెళ్ళడమే పెద్ద విషయం. ఆయన ఆ చదువూ వదిలేసి స్వాతంత్ర్య ఉద్యమంలోకి దూకారు. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొన్నారు, జైలుకు వెళ్ళారు. అప్పటికి ఇరవై ఏళ్ళు. అంటే మన సెకండియర్, థర్డియర్ వయసు.

తర్వాత ఎన్.జి. రంగా గారికి శిష్యుడయ్యారు, రైతు ఉద్యమంలోకి వచ్చారు. మా వైపు అంతా జమీందారీలు. మందస జమీందారీలో రైతులు అడవిలో కట్టెలు కొట్టుకునే హక్కు కోసం పోరాడారు. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది, దాని వెనక తిరిగిన వాళ్ళలో ఈయన ముఖ్యులు. కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, గుడారి రాజమణిపురంలో పోలీసులు కాల్పులు జరిపారు. గున్నమ్మ అనే గర్భిణి చనిపోయింది. వీరగున్నమ్మ అని మా వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1942 క్విట్ ఇండియాలో లచ్చన్న గారు అజ్ఞాతంలోకి వెళ్ళారు, మళ్ళీ జైలు. జనం సర్దార్ అని పిలిచారు. ఆ పేరే నిలిచిపోయింది.

ఇక్కడి వరకు అన్ని స్వాతంత్ర్య సమరయోధుల కథల్లాగే ఉంటుంది. నాకు అసలు ఆసక్తి పుట్టింది తర్వాతి భాగంతో. దానికి ముందు కల్లు సంగతి చెప్పాలి. సిటీలో పెరిగిన నాలాంటి వాళ్ళకు అది తెలీదు. నేనూ పోయిన వేసవిలో తాత దగ్గర కూర్చుని నేర్చుకున్నదే.

తాడిచెట్టు విత్తనం వేస్తే కాపుకి రావడానికి పదిహేను, ఇరవై ఏళ్ళు పడుతుంది. అంటే చెట్టు నాటేది కొడుకు కోసం. పోతు చెట్టు, ఆడ చెట్టు వేరువేరుగా ఉంటాయి. రెండిటికీ గీస్తారు. నడుముకు మోకు బిగించి, నలభై యాభై అడుగులు ఎక్కి, పూత గెల చివరను కత్తితో అట్ట ముక్కంత పల్చగా చెక్కుతారు. కొంచెం లోతుగా తెగితే గెల ఎండిపోతుంది, తేలిగ్గా తెగితే కారదు. కింద ముంత కడతారు. రోజుకి రెండుసార్లు, కొన్నిచోట్ల మూడుసార్లు ఎక్కాలి, సీజన్ అంతా. పండగ లేదు, జ్వరం లేదు. ఒక్క రోజు ఎక్కకపోతే ఆ గెల పాడయినట్టే. దిగే రసం తియ్యగా ఉంటుంది. ముంతకు లోపల సున్నం రాస్తే అలాగే ఉంటుంది, అది నీరా. సున్నం లేకపోతే గాలిలోని ఈస్ట్ పట్టి గంటల్లోనే పులవడం మొదలవుతుంది, సాయంత్రానికి కల్లు, మర్నాటికి పుల్లటి నీళ్ళు. స్పెయిన్ వాళ్ళ వైన్ గిడ్డంగిలో ఏళ్ళ తరబడి ఉంటుంది, మన కల్లుకి ఒక రోజే ఆయుష్షు. అందుకేనేమో దానికి గిడ్డంగి లేదు, లేబుల్ లేదు, కాగితం లేదు.

ఆ పనికి దెబ్బ పడింది మద్యనిషేధంతో. 1937లో మద్రాసులో రాజాజీ ప్రభుత్వం వచ్చాక, ఆ ఏడు అక్టోబర్ 1న సేలం జిల్లాలో మొదలుపెట్టారు. సారా, కల్లు పన్నులు పోయాయి కాబట్టి డబ్బు కోసం 1939లో అమ్మకం పన్ను చట్టం తెచ్చారు. మనం ఇప్పుడు జీఎస్టీ కడుతున్నామే, దానికి ముత్తాత అన్నమాట. స్వాతంత్ర్యం వచ్చాక, 1948 అక్టోబర్ 2 నాటికి మద్రాసు రాష్ట్రం మొత్తం నిషేధం. గాంధీ గారి జయంతి రోజున. గాంధీ గారికి నీరా, తాటిబెల్లం అంటే ఇష్టమే, కల్లు అంటే కాదు. కానీ చెట్టు ఎక్కేవాడికి రెండూ ఒకే ముంతలో వస్తాయి.

మా తాత అప్పటికి చిన్నపిల్లాడు. మా ముత్తాత నిషేధం వచ్చాక కొన్నాళ్ళు బెల్లం వండాడట. కట్టెలకే సరిపోయేది కాదట. తర్వాత దొంగచాటుగా, తెల్లవారకముందే ఎక్కేవాడు. ఒకసారి పట్టుబడి ముంతలన్నీ పగలగొట్టించుకుని కొన్ని రోజులు లోపల ఉండి వచ్చాడు. ఇంట్లో ఆ సంగతి ఎత్తితే మా పెద్దమ్మమ్మ లేచి బయటకు వెళ్ళిపోయేదని తాత చెప్పాడు. అమ్మ ఫారంలో వ్యవసాయం అనడానికి కారణం నాకు అక్కడ అర్థమైంది. సిగ్గు కల్లు వల్ల కాదు, లోపల ఉండి రావడం వల్ల.

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. టంగుటూరి ప్రకాశం గారు మొదటి ముఖ్యమంత్రి. నా సోషల్ పుస్తకంలో ప్రకాశం గారి పాఠం ఉండేది. సైమన్ కమిషన్ అప్పుడు తుపాకీలకు ఛాతీ చూపించడం, ఆంధ్రకేసరి బిరుదు, ముఖ్యమంత్రి కావడం. అంతటితో పాఠం అయిపోయేది. ప్రభుత్వం ఎలా పోయిందో లేదు. లచ్చన్న గారు రంగా గారి కృషికార్ లోక్ పార్టీలో ఉండేవారు, కొంతకాలం ప్రకాశం మంత్రివర్గంలో మంత్రిగా కూడా పనిచేశారు. నిషేధం ఎలా నడుస్తోందో చూడమని ప్రభుత్వం ఎస్.వి. రామమూర్తి గారి కమిటీని వేసింది. ఆ కమిటీ, నిషేధం విఫలమైంది, ఎత్తేయండి అని నివేదిక ఇచ్చింది. ప్రభుత్వం ఒప్పుకోలేదు. లచ్చన్న గారు మంత్రిపదవి వదిలి బయటకు వచ్చారు, గీత కార్మికులతో సత్యాగ్రహం నడిపారు. వేలమంది జైళ్ళకు వెళ్ళారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళిన మనిషి, అదే పద్ధతిలో, గాంధీ గారి పేరుతో వచ్చిన చట్టం మీదకి వెళ్ళారు. ఆయనకు అది ఎంత కష్టంగా అనిపించి ఉంటుందో నేను చాలాసార్లు ఆలోచించాను. లేక అసలు కష్టంగా అనిపించలేదేమో. చెట్టు ఎక్కేవాళ్ళ ఇంట్లో పుట్టినాయనకి లెక్క సులువుగానే తేలి ఉండొచ్చు.

1954 నవంబర్ 6న అవిశ్వాస తీర్మానం మీద ఓటింగ్. ఒక్క ఓటు తేడాతో ప్రకాశం ప్రభుత్వం పడిపోయింది. కొత్త రాష్ట్రం, కర్నూలు రాజధాని, పదమూడు నెలల ప్రభుత్వం, కల్లు మీద ఒక్క ఓటు. నేను ఈ విషయం మా క్లాస్‌లో చెబితే ఎవరూ నమ్మలేదు.

ఇందులో లచ్చన్న గారు పూర్తిగా కరెక్ట్ అని నేను వాదించను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద చేసిన పోరాటం కూడా చదివాను, వాళ్ళ కోపం నిజమైనది. తాగి కొట్టే మగాళ్ళ ఇళ్ళు మా ఊళ్ళోనూ ఉన్నాయి, తాత కూడా ఒప్పుకుంటాడు. కానీ ప్యాకెట్ సారాకీ, ఒక మనిషి ప్రాణం పణంగా పెట్టి దింపే కల్లుకీ ఒకే గీత గీసి కొట్టేయడం మాత్రం నాకు నచ్చలేదు. చట్టం పెట్టినవాళ్ళు గెల చెక్కేవాడికి రేపటి నుంచి ఏం తింటావు అని అడగలేదు. లచ్చన్న గారు అడిగారు.

ఆ తర్వాత ఆయన బెజవాడ గోపాలరెడ్డి మంత్రివర్గంలో ఉన్నారు. 1959లో స్వతంత్ర పార్టీ పుట్టింది. పెట్టింది ఎవరో కాదు, రాజాజీ. మొదటి అధ్యక్షుడు రంగా గారు. లచ్చన్న గారు ఆంధ్రలో ఆ పార్టీకి పెద్ద నాయకుడు. సేలంలో కల్లు ఆపించిన మనిషి, కల్లు కోసం ప్రభుత్వాన్ని పడగొట్టిన మనిషి ఒకే జెండా కింద! రాజకీయాలు నాకు అంతగా అర్థం కావు కానీ దీనికి మాత్రం నవ్వొచ్చింది.

1967లో ఆయన శ్రీకాకుళం నుంచి లోక్‌సభకు గెలిచారు. రంగా గారు ఆ ఎన్నికల్లో ఓడిపోయారు. లచ్చన్న గారు తన సీటు ఖాళీ చేసి ఇచ్చేశారు, ఉపఎన్నికలో రంగా గారు అక్కడి నుంచి గెలిచి పార్లమెంటుకు వెళ్ళారు. గురువు కోసం ఎంపీ పదవి! మన దగ్గర క్లబ్ ప్రెసిడెంట్ పోస్టే ఎవరూ వదలరు. సోంపేట నుంచి ఎన్నోసార్లు ఎమ్మెల్యేగా గెలిచారు. 1978 తర్వాత జనతా పార్టీ తరఫున అసెంబ్లీలో ప్రతిపక్ష నాయకుడిగా కూర్చున్నారు. 2006 ఏప్రిల్ 19న విశాఖపట్నంలో కన్నుమూశారు, తొంభై ఆరేళ్ళ వయసులో. నేను పుట్టింది ఆ సంవత్సరమే. నాగావళి మీద తోటపల్లి బ్యారేజీకి ఆయన పేరు పెట్టారు. విజయనగరం, శ్రీకాకుళం పొలాలకు ఆ నీళ్ళే వెళ్తాయి.

పోయిన వేసవిలో తాతతో కలిసి మా ముత్తాత గీసిన తోపు చూడ్డానికి వెళ్ళాను. తాత లెక్క ప్రకారం అప్పట్లో అరవై పైన చెట్లు. ఇప్పుడు పదకొండు. కొన్ని తుఫాన్లకు పోయాయి, కొన్ని ఇటుక బట్టీలకు. ఊళ్ళో ఎక్కేవాడు ఒక్కడే మిగిలాడు, యాభై దాటిన మనిషి. వాళ్ళబ్బాయి హైదరాబాద్‌లో డెలివరీ చేస్తాడు. ఆయన మాకు ముంజలు దింపి పెట్టాడు. కల్లు అడిగితే తాత నా వైపు చూసి వద్దన్నాడు, మీ అమ్మకి తెలిస్తే నన్ను ఇంటికి రానివ్వదన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు తాత అటక మీద నుంచి ముత్తాత మోకు తీసి నాకిచ్చాడు. తోలు ఎండి బిగుసుకుపోయింది, ఒక పక్క ఎలుకలు కొరికాయి. విజయనగరంలో మా ఇంటికి తెచ్చాను. అమ్మ హాల్లో పెట్టొద్దంది, ఎవరైనా వస్తే అడుగుతారంది. ఇప్పుడది వెనక గదిలో కూలర్ మీద ఉంది. మొన్న దసరా సెలవులకు వెళ్ళినప్పుడు చూస్తే దాని మీద దుమ్ము లేదు. ఎవరు తుడిచారో నేను అడగలేదు.