గిల్రే వ్యంగ్య చిత్రములు

పదునెనిమిదవ శతాబ్దమున నెల్లూరు సీమ ఆర్కాటు నవాబు ఏలుబడిలో నుండెను. ఆ నవాబునకు అధిక వడ్డీకి ఋణములిచ్చి కోటికి పడగెత్తిన తెల్లదొరలలో పాల్ బెన్‌ఫీల్డు ఒకడు. ఆ వడ్డీల భారము కడకు రైతుల పన్నులపై బడెను. బెన్‌ఫీల్డు లండను చేరి హైడ్ పార్కులో గుఱ్ఱమెక్కి విహరించుచుండగా, 1797లో ఒక చిత్రకారుడు వానికి రూపాయి ప్రభువని పేరు పెట్టి బొమ్మ గీసెను. ఆతడే జేమ్స్ గిల్రే.

గిల్రే 1756లో లండను చెంతనున్న చెల్సీలో జన్మించెను. తండ్రి యుద్ధమున చేయి పోగొట్టుకొనిన సైనికుడు. బాలుడు అక్షరములు చెక్కు పనిలో కుదిరి, విసుగు చెంది, నాటకములవారితో పాఱిపోయెను. పిమ్మట రాయల్ అకాడమీలో చిత్రలేఖనము నభ్యసించెను.

మైనము పూసిన రాగిరేకుపై సూదితో గీచి, ఆమ్లమున ముంచినచో గీతలు లోతుపడును. వానిలో సిరా నింపి కాగితముపై నొత్తి, చేతితో రంగులు వేయుదురు. ఇట్టి బొమ్మలను హన్నా హంఫ్రీ యను నామె తన అంగడి కిటికీలో నుంచగా జనులు మూగెడివారు. రాజును సైతము గిల్రే విడువలేదు. 1805లో ప్రధానమంత్రి పిట్టును, నెపోలియనును భూగోళమును భక్ష్యమువలె కోసికొనుచున్నట్లు చిత్రించెను. నెపోలియను మిక్కిలి పొట్టివాడను అపోహకు ఈతని బొమ్మలు గొప్ప కారణము. అంతటివాడును 1797 నుండి కొన్నేండ్లు ప్రభుత్వమునొద్ద రహస్యముగా భరణము గైకొనెను! ఆ కాలమున ఆతని ములుకు ప్రతిపక్షమువైపే ఎక్కువగా తిరిగెననక తప్పదు.

క్రమముగా చూపు మందగించెను. 1810 నాటికి మతియు చెడెను. హంఫ్రీయే ఆతనిని తన యింట పోషించెను. 1815 జూన్ 1న గిల్రే మరణించెను. పదునేడు దినములకు వాటర్లూలో నెపోలియను ఓడిపోయెను. ఆ బొమ్మ గీయుటకు గిల్రే లేడు.