ధమనీ నాదాన్ని విన్న వైద్యుడు – కొరొట్కాఫ్

రోగాలలో కొన్ని ముందుగా హెచ్చరించి వస్తాయి. జ్వరం ఒంటిని కాల్చి తన రాకను తెలుపుతుంది. గాయం నొప్పితో తన ఉనికిని చాటుతుంది. రక్తపోటు మాత్రం అలాంటిది కాదు. ఏళ్ల తరబడి ఏ బాధా కలిగించకుండా శరీరంలో దాగి ఉండి, ఒకనాడు గుండెనో మెదడునో దెబ్బతీస్తుంది. కంటికి కనిపించని ఈ శత్రువును ముందుగానే పసిగట్టే మార్గాన్ని వైద్యలోకానికి చూపిన మహనీయుడు నికొలాయ్ కొరొట్కాఫ్.

కొరొట్కాఫ్ 1874లో రష్యాలోని కూర్స్క్ పట్టణంలో ఒక వర్తక కుటుంబంలో జన్మించారు. ప్రాథమిక విద్య స్వస్థలంలోనే సాగింది. ఖార్కోవ్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యను ప్రారంభించి, తరువాత మాస్కో విశ్వవిద్యాలయానికి మారి, 1898లో పట్టభద్రులయ్యారు. అక్కడి శస్త్రచికిత్సా విభాగంలో ఆచార్య బబ్రోవ్ వద్ద శిక్షణ పొందారు. 1900లో చైనాలో బాక్సర్ తిరుగుబాటు చెలరేగినప్పుడు రెడ్‌క్రాస్ వైద్యబృందంతో కలిసి తూర్పు దిక్కుకు ప్రయాణమయ్యారు. క్షతగాత్రులకు సేవలందించి, జపాన్, సింగపూర్, సింహళం, సూయజ్ కాలువల మీదుగా సముద్రమార్గాన స్వదేశం చేరుకున్నారు.

1903లో శస్త్రవైద్య నిపుణుడైన ఫ్యోదరోవ్ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని సైనిక వైద్య అకాడమీలో ఆచార్య పదవిని స్వీకరిస్తూ కొరొట్కాఫ్‌ను తన సహాయకుడిగా ఆహ్వానించారు. మరుసటి సంవత్సరమే రష్యా, జపాన్‌ల మధ్య యుద్ధం ఆరంభమైంది. కొరొట్కాఫ్ మంచూరియాలోని హార్బిన్ నగరానికి చేరి గాయపడిన సైనికులకు చికిత్స చేశారు. ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన సమస్య అక్కడే ఎదురైంది.

తుపాకి గుండ్లకు ధమనులు చిట్లిన సైనికులు ఎందరో ఆయన వద్దకు వచ్చేవారు. రక్తస్రావాన్ని ఆపాలంటే ఆ ధమనిని కట్టివేయాలి. కట్టివేస్తే దాని దిగువ భాగానికి రక్తం అందక కాలో చెయ్యో కుళ్లిపోయే ప్రమాదం ఉంది. చుట్టుపక్కల ఉన్న చిన్న రక్తనాళాలు ఆ భారాన్ని మోయగలిగితే అవయవం నిలుస్తుంది, లేకుంటే పోతుంది. శస్త్రచికిత్సకు ముందే ఈ సంగతి తెలుసుకోవడం ఎలా? ఈ ప్రశ్నను పూర్వమే రష్యన్ శస్త్రవైద్య పితామహుడు పిరగోవ్ లేవనెత్తారు. దానికి సమాధానం కోసం కొరొట్కాఫ్ దెబ్బతిన్న రక్తనాళాలపై స్టెతస్కోపు ఉంచి, లోపలి ధ్వనులను ఓపికగా వినసాగారు.

రక్తపీడనాన్ని కొలిచే ప్రయత్నాలు అంతకుముందే జరిగాయి. ఇంగ్లండుకు చెందిన స్టీఫెన్ హేల్స్ ఒక గుర్రపు ధమనిలోకి గొట్టం చొప్పించగా రక్తం 8 అడుగులకు పైగా ఎగసింది. ఆ వివరాలను ఆయన 1733లో ప్రకటించారు. మనుషులపై అటువంటి ప్రయోగం చేయడం అసాధ్యం. 1896లో ఇటలీ దేశస్థుడైన రీవా రోచి భుజానికి చుట్టే రబ్బరు పట్టీని, పాదరసపు గొట్టాన్ని జతచేసి ఒక సాధనాన్ని రూపొందించారు. పట్టీలోకి గాలిని నింపి, మణికట్టు దగ్గర నాడి ఆగిపోయే స్థాయిని వేలితో గుర్తించేవారు. దీనివల్ల గుండె ముడుచుకొన్నప్పటి పీడనం మాత్రమే తెలిసేది. గుండె విశ్రమించినప్పుడు ధమనిలో మిగిలే పీడనాన్ని ఈ పద్ధతి తెలుపలేకపోయింది.

వేలు పసిగట్టలేని దానిని చెవి పసిగట్టగలదని కొరొట్కాఫ్ గ్రహించారు. రీవా రోచి పట్టీని భుజానికి చుట్టి, గాలిని నింపి, పట్టీకి దిగువన ధమనిపై పిల్లలకు వాడే స్టెతస్కోపును ఉంచారు. ధమని పూర్తిగా నొక్కుకుపోయినప్పుడు ఏ శబ్దమూ లేదు. గాలిని మెల్లగా విడిచిపెట్టగా, రక్తం మొదటిసారి ఇరుకును దాటిన క్షణంలో టక్‌టక్‌మనే ధ్వని వినిపించింది. పాదరసం ఇంకా దిగగా ఆ ధ్వని మర్మరంగా మారి, మళ్లీ స్పష్టమై, చివరకు ధమని యథాస్థితికి రాగానే అదృశ్యమైంది. మొదటి ధ్వని వినిపించిన చోటు పై పీడనం. ధ్వని మాయమైన చోటు కింది పీడనం. ఆరోగ్యవంతమైన ధమనిలో రక్తం నిశ్శబ్దంగానే ప్రవహిస్తుంది. సగం మూసుకున్న దారిలో దూసుకుపోయేటప్పుడే అది సవ్వడి చేస్తుంది.

1905 నవంబరులో సైనిక వైద్య అకాడమీలో జరిగిన వైద్యుల సమావేశంలో కొరొట్కాఫ్ తన పద్ధతిని వివరించారు. ఆ నివేదిక మూడు వందల మాటలకు లోపే ఉంది. సభలో సందేహాలు తలెత్తాయి. వినిపించే ధ్వనులు ధమనిలో పుట్టినవి కావనీ, గుండె నుండి వచ్చినవేననీ కొందరు వాదించారు. కొరొట్కాఫ్ కోపగించుకోలేదు. జంతువులపై ప్రయోగాలు చేసి, ధ్వని ఆ చోటనే పుడుతున్నదని నిరూపించి, డిసెంబరులో మరల సభ ముందు నిలిచారు. అకాడమీ ఆచార్యుడైన యనోవ్‌స్కీ ఈ పద్ధతి విలువను గుర్తించి, తన శిష్యుల చేత పరీక్షింపజేసి, వ్యాప్తిలోకి తెచ్చారు. ఆ ధ్వనులకు కొరొట్కాఫ్ శబ్దాలు అనే పేరు స్థిరపడింది.

కీర్తి తలుపు తట్టినా కొరొట్కాఫ్ రాజధానిలో సుఖజీవనాన్ని కోరుకోలేదు. సైబీరియాలోని బంగారు గనుల ప్రాంతంలో వైద్యుడిగా పనిచేశారు. 1910లో తన పరిశోధనలను డాక్టరేట్ సిద్ధాంతగ్రంథంగా సమర్పించారు. తరువాత లేనా గనుల కార్మికులకు వైద్యసేవలు అందించారు. 1912లో అక్కడ సమ్మె చేస్తున్న కార్మికులపై జారు సైన్యం కాల్పులు జరపగా వందకు పైగా ప్రాణాలు నేలకొరిగాయి. ఆ దారుణం ఆయన హృదయాన్ని కలచివేసింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అంగవైకల్యం పొందిన సైనికులకు చికిత్స చేశారు. విప్లవానంతరం పెట్రోగ్రాడ్‌లోని మెచ్నికోవ్ ఆసుపత్రిలో ప్రధాన వైద్యుడిగా బాధ్యతలు నిర్వహించారు. క్షయవ్యాధితో బాధపడుతూ 1920లో తన 46వ ఏట కన్నుమూశారు.

తాను కనుగొన్న పద్ధతి ఎంత దూరం ప్రయాణించబోతున్నదో ఆయన చూడలేకపోయారు. రక్తపోటును కొలవడం తెలిసినా, ఆ సంఖ్యకు అర్థం చాలాకాలం బోధపడలేదు. వయసుతోపాటు రక్తపోటు పెరగడం సహజమనీ, శరీరానికి అది అవసరమనీ పలువురు వైద్యులు నమ్మేవారు. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ రక్తపోటును ఆయన వైద్యులు ఏళ్లపాటు కొలుస్తూనే ఉన్నారు. అయినా దానిని అదుపు చేయలేకపోయారు. 1945లో మెదడులో రక్తస్రావం జరిగి ఆయన మరణించారు.

1948లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో ఒక మహత్తర పరిశోధన ఆరంభమైంది. 30 నుండి 62 ఏళ్ల వయసుగల 5,209 మంది స్త్రీపురుషులను ఎంపిక చేసి, ఏళ్ల తరబడి క్రమం తప్పక పరీక్షించారు. హెచ్చు రక్తపోటు, అధిక కొలెస్టరాల్, పొగతాగడం గుండెజబ్బుకు దారితీస్తాయని ఆ పరిశోధన వెల్లడించింది. వయసు, రక్తపోటు, కొలెస్టరాల్ వంటి వివరాలను కలిపి, ఒక వ్యక్తికి రాబోయే పదేళ్లలో గుండెజబ్బు వచ్చే అవకాశం ఎంతో అంచనా వేసే లెక్కలు దాని నుండే రూపొందాయి. ఆ లెక్కలకు ఆధారమైన రక్తపోటును కొలిచినది కొరొట్కాఫ్ నేర్పిన పద్ధతితోనే. ఒకప్పుడు గాయపడిన సైనికుని కాలు నిలుస్తుందా లేదా అని ముందే తెలుసుకోవడానికి పుట్టిన అన్వేషణ, ఆరోగ్యంగా తిరుగుతున్న మనిషికి పొంచి ఉన్న ముప్పును ముందే తెలుపగలిగింది.

2019 నాటికి ప్రపంచంలో 30 నుండి 79 ఏళ్ల మధ్య వయసువారిలో సుమారు 128 కోట్ల మంది హెచ్చు రక్తపోటుతో ఉన్నారని అంచనా. వారిలో దాదాపు సగం మందికి ఆ సంగతే తెలియదు. పాదరసపు సాధనాల స్థానంలో మరలతో నడిచే కొత్త పరికరాలు వచ్చాయి. అయినా వాటి కచ్చితత్వాన్ని పరీక్షించడానికి నేటికీ స్టెతస్కోపుతో విన్న కొరొట్కాఫ్ శబ్దాలనే ప్రమాణంగా తీసుకుంటున్నారు.

విలువైన పరికరాలు, విశాలమైన ప్రయోగశాలలు ఉంటేనే పరిశోధన సాధ్యమని భావించడం పొరపాటు. యుద్ధభూమిలో, రోగి పడక పక్కన, ఒక రబ్బరు పట్టీతో, ఒక చిన్న స్టెతస్కోపుతో కొరొట్కాఫ్ చేసిన కృషి దీనికి తార్కాణం. రోగిపై కరుణ, సమస్యపై ఏకాగ్రత, విమర్శకు ప్రయోగంతోనే సమాధానం చెప్పే నిగ్రహం ఆయనలో ఉన్నాయి. వైద్యవృత్తిని చేపట్టదలచిన యువతకు ఆయన జీవితం మార్గదర్శకం.