హోరాశాస్త్రవేత్త వరాహమిహిరుడు

తెలుగువారి ఇండ్లలో పంచాంగము నిత్యము చేతికి వచ్చు గ్రంథము. ప్రయాణమునకు వర్జ్యము చూతురు. విద్యారంభమునకు గురుహోరను, లెక్కలకును వ్రాతకోతలకును బుధహోరను, వస్త్రాభరణములకు శుక్రహోరను వెదకుదురు. కుజ శనిహోరలను శుభకార్యములకు విడుతురు. ఈ శాస్త్రమున ప్రమాణముగా స్మరింపబడు ఆచార్యులలో అగ్రగణ్యుడు వరాహమిహిరుడు. అయితే హోరకు మూలమైన లెక్కలో నిశ్చయమెంతవరకు కలదో, ఎచ్చట లేదో, నిర్మొగమాటముగా చెప్పినవాడును ఆయనయే.

వరాహమిహిరుడు అవంతీదేశస్థుడు. తండ్రి ఆదిత్యదాసు, విద్యాగురువును ఆయనయే. కాపిత్థకమను చోట సూర్యభగవానుని వరప్రసాదము పొందినట్లు బృహజ్జాతకము చివర తన్నుగూర్చి తాను చెప్పుకొనెను. పంచసిద్ధాంతికలో శకము 427ను, అనగా క్రీ.శ. 505ను, గణితమునకు ఆరంభముగా గ్రహించెను గావున ఆయన 6వ శతాబ్దివాడని స్పష్టము. క్రీ.శ. 499 నాటికి ఇరువదిమూడేండ్ల వయస్సుగల ఆర్యభటుని ఆయన పేరెత్తి చర్చించెను.

విక్రమార్కుని నవరత్నములలో ఆయన యొకడనియు, రాజకుమారునకు వరాహమువలన మృత్యువని ఘడియతోసహా ముందుగా చెప్పి ఆ పేరు పొందెననియు కథ కలదు. అది జనులు ప్రీతితో చెప్పుకొను కథ. ఆయన గ్రంథములలో కనబడు మహిమ వేరొకటి.

జ్యోతిశ్శాస్త్రము గణితము, హోర, సంహిత అని మూడు స్కంధములు. మూడింటను ఆయన రచనలు చేసెను. పౌలిశ, రోమక, వాసిష్ఠ, సౌర, పైతామహములను అయిదు సిద్ధాంతముల సారమును పంచసిద్ధాంతికలో సంగ్రహించెను. వర్షము, భూగర్భజలము, దేవాలయనిర్మాణము, రత్నపరీక్ష మొదలగు లోకోపకారక విషయములు బృహత్సంహితలో చేర్చెను. జాతకభాగమునకు బృహజ్జాతకము, లఘుజాతకము. ప్రయాణ ముహూర్తములకు యాత్రాగ్రంథములు వ్రాసెను. విద్య ఎచ్చటనున్నను గౌరవింపవలెనని ఆయన తలంపు. యవనులు మ్లేచ్ఛులైనను ఈ శాస్త్రము వారియందు నెలకొనియున్నది గావున ఋషులవలె పూజ్యులని ఆయన అంగీకరించెను.

హోర యను పదమునకు అహోరాత్ర శబ్దమున ఆద్యంతాక్షరములు తొలగింపగా మిగిలినదని కొందరి మతమును ఆయన తెలిపెను. అది యవనభాషాపదమని ఆధునిక పండితులందురు. హోరల వరుస సులభమైనది. భూమికి మిక్కిలి దూరముననున్న గ్రహము మొదలుకొని శని, గురుడు, కుజుడు, రవి, శుక్రుడు, బుధుడు, చంద్రుడు అని క్రమము. అహోరాత్రమును 24 భాగములు చేసి ఈ క్రమమున ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క అధిపతిని చెప్పుదురు. ఆదివారము సూర్యోదయమున మొదటి హోర రవిది. మూడావృత్తులకు 21 హోరలు గడచును. 22వది మరల రవికి, 23వది శుక్రునకు, 24వది బుధునకు వచ్చును. మరునాటి ఉదయమున 25వ హోర చంద్రునిది. కావున ఆ దినము సోమవారము. వారముల వరుస యంతయు ఇట్లే ఏర్పడినది.

హోరాధిపతిని తెలిసికొను విధమును పంచసిద్ధాంతికలో స్వయముగా చెప్పిన ఆచార్యుడు, ఆ గ్రంథముననే మరియొకచోట ఒక కఠినప్రశ్నను లేవనెత్తెను. దిన మెప్పుడు ఆరంభమగును? యవనపురమున సూర్యాస్తమయమునుండి యని లాటాచార్యుడు. లంకలో సూర్యోదయమునుండి యని సింహాచార్యుడు. యవనగురువు రాత్రి పది ముహూర్తములు గడచిన పిదప ననెను. ఆర్యభటుడు ఒకచోట లంకలో అర్ధరాత్రమనియు, వేరొకచోట సూర్యోదయమనియు చెప్పెను. పైగా దేశభేదముచే సూర్యోదయకాలమే మారును. యవనపురమునకును అవంతికిని నడుమ 7 నాడుల 20 విఘడియలు, అనగా సుమారు 2 గంటల 56 నిమిషములు, అంతరమని ఆయన లెక్క. యవనపురమనగా అలెగ్జాండ్రియా. నేటి రేఖాంశములచే గణించినచో ఆ అంతరము సుమారు 3 గంటల 4 నిమిషములు. సుమారు పదునైదు శతాబ్దులకు పూర్వపు గణనలో భేదము ఎనిమిది నిమిషములే!

ఇంత సూక్ష్మముగా లెక్కించినవాడే వినయముతో ఒక నిర్ణయమునకు వచ్చెను. దినాధిపతి విషయమున పెద్దలకే ఏకాభిప్రాయము లేదు. మొదటి హోర దినాధిపతిదే గదా. అతడే నిశ్చయింపబడనప్పుడు హోరాధిపతి ఎట్లు నిశ్చితుడగును? లోకము ఇది విచారింపకయే వారము ననుసరించుచున్నదని ఆయన గుర్తించెను. తన శాస్త్రముయొక్క పునాదిలో గల బీటను తానే వ్రేలెత్తి చూపుట సామాన్యుల పని కాదు. ఆయన శాస్త్రమును త్రోసివేయలేదు; లోపమును కప్పిపుచ్చలేదు.

గ్రహణముల విషయముననూ ఇదే రీతి. భూచ్ఛాయలో చంద్రుడు ప్రవేశించుటచే చంద్రగ్రహణమనియు, సూర్యునకు చంద్రు డడ్డువచ్చుటచే సూర్యగ్రహణమనియు, రాహువు కారణము కాడనియు బృహత్సంహితలో వివరించెను. అయినను స్నానదానములను నిషేధింపలేదు. ఛాయాయంత్ర జలయంత్రములతో గణితమును దృష్టితో సరిచూడగలవాడే దైవజ్ఞుడని నిర్ణయించి, శాస్త్రమెరుగకయే ఫలములు చెప్పువారిని నక్షత్రసూచకులని నిందించెను.

ఆయన కుమారుడు పృథుయశస్సు షట్పంచాశిక రచించి తండ్రి విద్యను నిలిపెను. 10వ శతాబ్దిలో భట్టోత్పలుడు ఆయన గ్రంథములకు వ్యాఖ్యలు వ్రాసెను. 11వ శతాబ్దిలో అల్‌బిరూనీ లఘుజాతకమును అరబ్బీభాషలోనికి అనువదించి, ఆచార్యుని సత్యనిష్ఠను కొనియాడెను; గ్రహణ విషయమున లోకాచారమునకు చోటిచ్చినందుకు ఆక్షేపించెను.

ఘడియ తప్పెనని భయపడి కర్తవ్యమును విడుచువారును, హోర దొరికెనని ప్రయత్నమును సడలించువారును ఈ ఆచార్యుని జీవితమును తలంపవలెను. యోగయాత్రను ఆయన దైవపురుషకార విచారముతోనే ఆరంభించెను. సూర్యోపాసకుడై, జీవితమంతయు కాలమును కొలిచిన ఆ మహనీయుడు తన కొలతకు హద్దు నెరిగి యుండెను. ఆ ఎరుకయే ఆయనను గణకులలో ఋషితుల్యుని గావించినది.